తాళంచెవులకు కట్టిన రంగుదారాలు

తాళాలాయన కోపం వీధి వీధంతా ఎరుగును. బిగిసిపోయిన తాళంలో చెవిని బలవంతంగా తిప్పి, విరగ్గొట్టుకుని వచ్చేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. "నూనెచుక్క వేసి ఊరుకోవయ్యా! దాని పని దాన్ని చేసుకోనీ! నీ తొందరకి చెవి బలి!" అని దుమ్ము దులిపేసి, ఆనక ఆ ముక్కని ఎంతో ముద్దుగా బయటికి తీసి ఇచ్చేవాడు. కొట్లో స్టూలు మీద కూర్చునే భార్యకి ఆ తిట్లన్నీ కంఠతా వచ్చేశాయి.

అలాంటి మనిషికి రక్తంలో జబ్బు చేసింది. నాలుగడుగులేస్తే ఆయాసం, చెవులు అరగదీసే ఆకురాయి పట్టుకుంటే చేతుల వణుకు. అస్తమానం రక్తం ఎక్కించుకోవలసి వచ్చేది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మీ ఎముకల మూలుగలో రక్తకణాలు పుడుతున్నాయి గానీ పెద్దవి కావడం లేదు. ఎదగమని చెప్పే జన్యువులు వాటిలో ఉన్నాయి, కాకపోతే వాటికి తాళాలు పడిపోయాయి. ఈ ఇంజెక్షన్లు జన్యువుల్ని మార్చవు, ఆ తాళాల్ని వదులు చేస్తాయి. నెలలు పడుతుంది. మొదట్లో ఇంకా నీరసపడతారు, కంగారు పడకండి."

తాళాలనగానే ఆయన మొహం చాటంతయింది. "అయితే మా పనే!" అన్నాడు.

ఆ హుషారు రెండో విడత ఇంజెక్షన్ల దాకానే. రక్తపరీక్షలో అంకెలు ఇంకా పడిపోయాయి. ముందే చెప్పారు నిజమే, కానీ తన ఒళ్ళే కూలబడుతుంటే ఎవరికి గుర్తుంటుంది?

ఆ సాయంత్రం భార్య ముందు చెవుల గుత్తి పెట్టాడు. ఒక్కో చెవికీ ఒక్కో రంగుదారం కట్టి ఉంది.

"ఎర్రది కొట్టుది. పచ్చది బీరువాది. నీలంది పెరటి తలుపుది. నీకు తెలియాలిగా. ఇక ఆ ఇంజెక్షన్లకి నేను వెళ్ళను. పనిచేసే మందైతే ఈపాటికి చేసేది."

ఆవిడకి ఏడుపొచ్చింది, దాన్ని తోసుకుంటూ కోపమొచ్చింది.

"నూనెచుక్క వేసి ఊరుకోవయ్యా!" అని అరిచింది, అచ్చం ఆయన గొంతుతో. "దాని పని దాన్ని చేసుకోనీ! నీ తొందరకి చెవి బలి!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని ఏమండీ అనడమే తప్ప నువ్వన్నది లేదు. తాళాలాయన తెల్లమొహం వేశాడు. కాసేపటికి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"అంత ఘోరంగా తిడతానా?"

"ఇంకా ఘోరంగా. నాకు సగమే నోరు తిరిగింది."

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. ఆ తర్వాతా వెళ్తూనే ఉన్నారు. మెల్లమెల్లగా రక్తం ఎక్కించే అవసరం తగ్గింది, కొన్నాళ్ళకి పూర్తిగా తప్పింది.

"మీ కణాలు ఎదుగుతున్నాయి," అంది డాక్టరమ్మ. "కానీ మందు ఆపితే మళ్ళీ తాళాలు పడతాయి. పనిచేసినన్నాళ్ళూ వాడాల్సిందే." ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఆవిడా చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

ఇంటికి రాగానే భార్య తలుపు వెనక మేకుకి వేలాడుతున్న గుత్తి తీసింది. ఆనాడు తగిలించాక దాన్ని ముట్టుకుంటే ఒట్టు. తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఈ రంగులన్నీ నాకు గుర్తుండి చావవు. మీ గుత్తి మీరే మొయ్యండి."

ఆయన చెయ్యి వణకలేదు. తాళాలాయన గడప మీద కూర్చుని, ఒక్కొక్క దారమే విప్పసాగాడు.