ఎలుగుబంటి కడుపులో దూది

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వానాకాలంలో, నన్ను భూపాలపల్లి నుంచి మహబూబాబాద్ దవాఖానకు బదిలీ చేశారు. హోదా హెడ్ నర్సు. ఆపరేషన్ థియేటర్, దాని పక్కనే ఉన్న సర్జికల్ వార్డు రెండూ నా కింద ఉండేవి. బదిలీ కాగితం చూసి ఇంట్లో వాళ్లు పరేషాన్ అయ్యారు గానీ నాకేమీ అనిపించలేదు. థియేటర్ ఏ ఊళ్లో ఉన్నా థియేటరే. చేతులు కడుక్కుని లోపలికి అడుగు పెట్టానంటే అది నా ఇల్లే.

థియేటర్ నర్సు అంటే కత్తెర అందించే మనిషి అని చాలామంది అనుకుంటారు. అంతకంటే పెద్ద పని ఒకటుంది, లెక్క. కోత పెట్టే ముందు బల్ల మీదున్న గాజుగుడ్డలు, దూది ఉండలు, సూదులు బిగ్గరగా లెక్కపెట్టాలి. కడుపు మూసే ముందు మళ్లీ లెక్కపెట్టాలి, చర్మం కుట్టే ముందు మరోసారి. తేడా వస్తే కుట్టు పడదు. ఎంత పెద్ద సర్జన్ అయినా సూది పట్టుకుని ఆగాల్సిందే. ఆ ఆపే హక్కు నర్సుది. దాన్ని నేను ఏ మొహమాటం లేకుండా వాడాను. నా సర్వీసులో ఏ రోగి కడుపులోనూ దూది పోగు మిగల్లేదు. ఇది గొప్పే, గొప్పగానే చెబుతున్నాను.

నేను చేరిన కొన్నాళ్లకు నెల్లికుదురు నుంచి నజ్మా అనే ఆరేళ్ల పిల్లను తీసుకొచ్చారు. తండ్రి అక్కడే దూది ఏకి పరుపులు కుడతాడు. కాగే గంజి మీద పడి పిల్ల కుడి అరచెయ్యి కాలిపోయింది. సర్జన్ గారు తొడ మీది పలచటి చర్మం తీసి అరచేతికి అతికించారు. చర్మం చక్కగా పట్టుకుంది. గాయం మానింది, కుట్లు కూడా విప్పేశాం. అసలు చిక్కు ఆ తర్వాతే వచ్చింది.

అతికించిన చర్మానికి ముడుచుకుపోయే గుణం ఉంటుంది. వేళ్లను రోజూ చాపుతూ ముడుస్తూ ఉండాలి. లేకపోతే అవి అరచేతిలోకి వంగి అక్కడే బిగుసుకుంటాయి. దాన్ని మేం కాంట్రాక్చర్ అంటాం. నజ్మా తన కుడి చేతిని వాళ్లమ్మ కొంగులో దాచేసింది. తినడం, తలుపు తోయడం, ఈగల్ని తోలడం, అన్నీ ఎడమ చేత్తోనే. నెలాఖరున తను రౌండుకొచ్చి చూసేనాటికి వేళ్లు తెరుచుకోకపోతే వరంగల్ పంపి ఇంకో ఆపరేషన్ చేయించాల్సి వస్తుందని సర్జన్ గారు చెప్పేశారు. అప్పటికే వేళ్లు వంగడం నాకు కనబడుతూనే ఉంది.

ఆమె తల్లి షాహిదా నా చెయ్యి పట్టుకుంది. “జర నువ్వే చెప్పు సిస్టరమ్మా. నేను ముట్టుకుంటే వార్డంత మోగేటట్టు ఒర్లుతది. రేపు బడికి పోతే గీ చేత్తోనే రాయాలె గదా. మల్ల కోస్తరంటే నా పానం ఆగుతలేదు” అంది.

చెప్పాను. బతిమాలాను, గదిమాను, బిస్కట్లు చూపించాను. పిండమని రబ్బరు బంతి ఇస్తే ఎడమ చేత్తో మంచం కిందికి విసిరింది. ఆ ఎడమ చేతికి మాత్రం ఏ లోపమూ లేదు. చివరికి విసిగిపోయి, నీకేం కావాలే తల్లీ అని అడిగాను. ఎదురు మంచం మీది పిల్లాడి బొమ్మ వైపు చూసి, “టెడ్డీ” అంది.

నేనే కుట్టి తెస్తానని మాటిచ్చేశాను. కొనిస్తే సరిపోయేది. కానీ నోట్లోంచి ఆ మాటే వచ్చింది. నిజానికి ఊడిన గుండీ కుట్టడం తప్ప ఇంట్లో నేను సూది పట్టింది లేదు. ఇన్నేళ్లు సర్జన్ల పక్కన నిలబడి మనుషుల్ని కుట్టడం చూసినదాన్ని, ఒక గుడ్డ ఎలుగుబంటిని కుట్టలేనా అని నా పొగరు.

నా పాత గోధుమరంగు శాలువా తీసి, కాగితం మీద బొమ్మ గీసుకుని, రెండు ముక్కలు కత్తిరించాను. కుట్టడం మాత్రం నాకు తెలిసిన పద్ధతిలోనే కుట్టాను. థియేటర్‌లో చర్మానికి వేసే కుట్టు దర్జీ కుట్టులా ఒకే దారంతో సాగిపోదు. ఒక్కో కుట్టూ విడిగా వేసి, ముడి బిగించి, దారం కత్తిరిస్తారు. ఒకటి తెగినా పక్కది నిలుస్తుంది. నేనూ ఎలుగుబంటి చుట్టూ అలాగే ముళ్లు వేసుకుంటూ వచ్చాను. ముళ్లన్నీ పైకే కనిపిస్తున్నాయి. అయినా ఒక్క కుట్టూ వంకర పోలేదు. చూసుకుని తెగ మురిసిపోయాను.

మర్నాడు డ్యూటీ కాగానే వార్డులోకి తీసుకెళ్లాను. నేను అడిగినట్టే షాహిదా ఇంటి నుంచి ఏకిన దూది సంచి తెప్పించి పెట్టింది. చుట్టుపక్కల మంచాల వాళ్లంతా లేచి కూర్చున్నారు. ఒక చేతిలో దూది, ఇంకో చేతిలో ఎలుగుబంటి పట్టుకుని, ఎక్కడ నింపాలా అని అటు తిప్పాను, ఇటు తిప్పాను. సందు లేదు. చెవి దగ్గర మొదలుపెట్టి మళ్లీ చెవి దాకా మొత్తం మూసేశాను. కొంచెం తెరిచి ఉంచాలన్న ఊహే నాకు రాలేదు. థియేటర్‌లో అలా వదిలేసి వస్తే ఉద్యోగం ఉంటుందా?

నజ్మా ఆ బొమ్మను ఎగాదిగా చూసి, “అమ్మీ, గిది టెడ్డీ కాదు, రొట్టె! రొట్టెకు చెవులున్నయి!” అని పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకదే మొదలు. వార్డంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది గానీ చేసేదేముంది, కుట్టు పట్టి లాగే చిమటా, చిన్న కత్తెర తెచ్చి ఎలుగుబంటి పొట్ట మీద కుట్లు విప్పడం మొదలుపెట్టాను.

కుట్లు విప్పడం నజ్మాకు తెలిసిన సంగతే. నవ్వు ఆపేసి దగ్గరికి జరిగింది. “దీనిక్కూడ నొస్తదా?” అని అడిగింది. నొస్తుందని చెప్పాను. కడుపు ఖాళీగా ఉంటే ఇంకా నొస్తుందన్నాను. ఆ పిల్ల వెంటనే ఎడమ చేత్తో దూది అందుకుంది.

నేను విప్పింది నాలుగైదు కుట్లే. పెద్దవాళ్ల వేలు పట్టని సందు. పైగా బొమ్మ పల్చగా ఉండి, దూది కుక్కబోతే జారిపోతోంది. పట్టుకొమ్మని పిల్ల తల్లికి అందించబోయింది. షాహిదా చెయ్యి చాచింది. వద్దని నేను కళ్లతోనే గదిమాను. “మీ అమ్మకు పనుంది, నాకూ పనుంది. నీ ఎలుగుబంటి, నువ్వే చూసుకో” అన్నాను. ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

నజ్మా కాసేపు మా ఇద్దరి ముఖాలూ చూసింది. తర్వాత ఎడమ చేత్తో బొమ్మను ఒడిలో అదిమి పట్టుకుంది. కొంగులోంచి కుడి చెయ్యి బయటికొచ్చింది. వంగిన వేళ్లతోనే చిటికెడు దూది తీసి, ఆ సందులో దోపింది. షాహిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కళ్లూ తడిశాయి, అది చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఇక అక్కణ్నుంచి పెత్తనం నాదే. దూది సంచి నా బీరువాలో పెట్టి, పూటకు ఒక గుప్పెడే ఇచ్చేదాన్ని. ముందు కాళ్లు నింపాలని నియమం పెట్టాను. కాలి కొస దాకా దూది చేరాలంటే వేలు పూర్తిగా చాపక తప్పదు. లోపల ఉండలు కడితే బొమ్మను పిసికి సర్దాలి, అంటే పిడికిలి బిగించాలి. చర్మం లాగి కొన్నిసార్లు ఏడ్చేది. కొబ్బరినూనె రాసి, ఎలుగుబంటికి ఆకలవుతోందని గుర్తు చేసేదాన్ని. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టేది. వ్యాయామం అన్న మాట మాత్రం నేను మళ్లీ ఎత్తలేదు.

సర్జన్ గారి రౌండు రానే వచ్చింది. వరంగల్ పంపే కాగితాలు కేసు షీటుకు తగిలించే ఉన్నాయి. చెయ్యి బల్ల మీద పెట్టమన్నారు. నజ్మా పెట్టింది. అరచెయ్యి బల్లకు ఆనింది, అయిదు వేళ్లూ ఆనాయి. ఆయన వాటి కింద కాగితం దూర్చబోయారు, దూరలేదు. ముడవమన్నారు, ముడిచింది. మళ్లీ ఆయన అడగకముందే చాపింది. ఆయన వరంగల్ కాగితాలు తీసి నా చేతికిచ్చారు. షాహిదా గట్టిగానే ఏడ్చేసింది.

అప్పుడు ఆయన కళ్లు ఎలుగుబంటి మీద పడ్డాయి. బలిసిన కాళ్లు, ఒంటి నిండా ముళ్లు, తెరిచిన పొట్టలోంచి దూది. “ఏంటి సిస్టర్, కడుపులో దూది వదిలేశారు? లెక్క చూశారా?” అన్నారు.

“చూశాను సార్. అంతా లోపలే ఉంది. కుట్టు వేయొచ్చు” అన్నాను. ఆయన అంత గట్టిగా నవ్వడం ఆ వార్డు ఎప్పుడూ విని ఉండదు.

కుట్టబోతే నజ్మా సూది లాక్కుంది. “నేనే కుడత” అంది. కుడి చేత్తోనే కుట్టింది. ముడి మాత్రం నేను వేశాను.

ఆ అనుభవంతో నా పద్ధతి ఒకటి మార్చుకున్నాను. చెయ్యి కదపాల్సిన పిల్లలకు కదపమని చెప్పడం మానేసి, సగంలో ఆపిన పని ఇవ్వడం మొదలుపెట్టాను. పొట్ట తెరిచి ఉంచి కుట్టడం కూడా నేర్చుకున్నాను. తర్వాత బదిలీ మీద వెళ్లిన జనగామలో, రిటైరయ్యే రోజు కొత్త హెడ్ నర్సుకు తాళాలు అప్పగిస్తూ నా బల్ల సొరుగు తెరిచి చూపించాను. అందులో పల్చటి గుడ్డ ఎలుగుబంట్లు దొంతరగా ఉన్నాయి. వీటిలో దూది లేదేం మేడమ్ అని ఆ అమ్మాయి అడిగింది. నింపే పని మనది కాదని చెప్పి, సొరుగు మూసి, తాళం ఆమె చేతిలో పెట్టాను.