సోమనర్సయ్య భయాలు

గార్లలో పార్టీ మండలాధ్యక్షుడు సోమనర్సయ్యకు బాగా వచ్చిన పని ఒక్కటే, భయపడటం. ఆటోలో కూర్చున్నా హెల్మెట్ పెట్టుకునేవాడు. సభకు జనం రాకపోతే ఓడిపోతామని భయం. వస్తే, బిర్యానీ తినిపోయి అవతలివాళ్లకు ఓటేస్తారని భయం. ఎవరైనా "గెలుస్తున్నం అన్నా" అంటే, "జర మెల్లగ! దిష్టి తగుల్తది" అని అటూ ఇటూ చూసేవాడు.

అలాంటి మనిషిని తండా నుంచి వచ్చిన రామి ఎంపీటీసీ టికెట్ అడిగింది. తండాలో బెల్టుషాపు మూయించింది ఆమే. ఆ షాపు నడిపించిన కాంట్రాక్టర్ బాల్‌సింగ్ తన కోడలు ప్రియకు అదే టికెట్ కావాలంటున్నాడు. షాపు మూతపడ్డాక రామి చేనులో మిరప మొక్కలు ఎవరో పీకి పారేశారు. అప్పటినుంచి ఇంటి ముందు బండి చప్పుడైతే చాలు, ఆమె లేచి తలుపు గడియ పెట్టేది.

"వద్దు బిడ్డా. నిలబడితే ఓడిపోతవ్" అన్నాడు సోమనర్సయ్య.

"గెలిస్తే, బాపూ?"

"గది ఇంకా పరేషాన్! నిన్ను బతకనిస్తరా?"

ఎప్పుడు కలిసినా ఇదే పాట. ఈయన బాల్‌సింగ్‌కు అమ్ముడుపోయాడని రామి తేల్చేసుకుంది.

అభ్యర్థిని ఖాయం చేయడానికి జిల్లా నుంచి పార్టీ నాయకుడు శ్రీపాల్ వచ్చాడు. పార్టీ ఆఫీసు నిండా బాల్‌సింగ్ మనుషులే. ఓ మూల రామి, ఆమెకు తోడుగా తండా సాయమ్మ.

"మంచోళ్లు మస్తుమంది ఉంటరు. నాకు గెలిచేటోళ్లు కావాలె" అన్నాడు శ్రీపాల్. "సోమనర్సయ్యా, ఎవరు గెలుస్తరు?"

సోమనర్సయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ప్రియ అల్కగ గెలుస్తది సార్. రామి అయితే కష్టం."

బాల్‌సింగ్ మీసం దువ్వాడు.

"అయితే ప్రియ పేరే పంపుదమా?"

"వద్దు సార్! నాకు గదే భయం."

"గెలుస్తదంటివి గద, ఇంకేం భయం?"

"ఓడిపోతే నాలుగు దినాలు ఏడుస్తం. ఈళ్లు గెలిస్తే ఐదేండ్లు భయపడాలె. గన్ని ఏండ్లు భయపడే ఓపిక నాకు లేదు సార్!"

ఎవరో కిసుక్కుమన్నారు. బాల్‌సింగ్ దిగ్గున లేచాడు. "ఊర్లె ఎట్ల తిరుగుతవో చూస్త!"

సోమనర్సయ్య గబగబా శ్రీపాల్ కుర్చీ వెనక్కి చేరి, అక్కడినుంచే అన్నాడు: "రామి పేరు రాయండ్రి సార్, జల్ది!"

"మరి ఓట్లెవరేస్తరయ్యా?"

సాయమ్మ ముందుకొచ్చింది. "మేమేస్తం సార్. ఈయన మా తండల ఇల్లిల్లు తిరిగిండు. రామి నిలబడితే ఒక్కదాన్ని ఇడిసిపెట్టరు గద అని అందరితోని మాట తీసుకున్నడు. ఆయన జెప్తెనే ఆమె చేనుకాడ వంతులేసుకొని కావలి ఉంటున్నం."

గడ్డి కోసమంటూ తన చేను గట్టున తిరిగే ఆడవాళ్లు రామి కళ్లముందు మెదిలారు. సోమనర్సయ్య వైపు చూసింది. ఆయన తలుపు వైపు చూస్తున్నాడు, దారి ఉందా లేదా అని.

టికెట్ రామికే వచ్చింది. కొద్దిపాటి తేడాతో గెలిచింది కూడా.

ప్రమాణం చేసే రోజు మైకు ముందు నిలబడేసరికి, ఎదుటి వరసలో బాల్‌సింగ్ కళ్లార్పకుండా చూస్తున్నాడు. రామి చేతులు వణికాయి, మాట పెగల్లేదు. వెనక నిలబడ్డ సోమనర్సయ్య నిలువెల్లా వణుకుతూనే ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వు మంచిగ సదువు బిడ్డా. వణుకుడు పని నేను జూసుకుంట."

రామికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే గొంతు పెగిలింది.