ఎవరూ అడగని కాగితం

పత్రిక చదివే అందరికీ నమస్కారం. నా దస్తూరీ బాగుండదు. ఊళ్ళో ఏడో తరగతితో బడి మానేశాను, ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాను. పత్రిక వాళ్ళు దిద్ది వెయ్యండి, మాట మాత్రం మార్చకండి. మా పక్కింటి మాస్టారు కిందటి నెలలో కాలం చేశారు. నిమోనియా. గుండె మాత్రం ఆఖరిదాకా గట్టిగానే కొట్టుకుందని ఆస్పత్రిలో చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎందుకో రాస్తాను.

ఆయన ఇక్కడ అరోరాలోనే హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఇండియన్ కొట్టులో కూరగాయలు సర్దేవాణ్ణి. ఆయన భార్య నన్ను అన్నయ్యగారూ అంటుంది, అందుకని ఆయనకి నేను బావగారిని. యాభై దాటాక నాకు కారు నేర్పింది ఆయనే. రూల్సు పుస్తకం ఒక్కో వాక్యం తెలుగులో చెప్పి, మళ్ళీ నాచేత చెప్పించుకునేవారు. నేను సొంతంగా రెండు మాటలు కలిపితే వేలెత్తేవారు.

"బావగారూ, పుస్తకంలో ఉన్నది చదవండి. లేనిది చదవకండి."

పరీక్ష రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఇంటికి వచ్చేదాకా కారులో ఆయన ఒక్క మాట అనలేదు. మూడోసారి పాసయ్యాను. అప్పుడూ ఏమీ అనలేదు, తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

రెండు వేల నాలుగులో విమానాలకి ఒక కొత్త రూలు వచ్చింది. రెండే సీట్లుండే చిన్న విమానం, పగటిపూట మాత్రమే, పక్కన ఒక్కరినే ఎక్కించుకోవచ్చు. కనీసం ఇరవై గంటలు నేర్చుకోవాలి, రాత పరీక్ష ఒకటి, నడిపి చూపించే పరీక్ష ఒకటి. డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదు. కారు లైసెన్సు చాలు, ఒంట్లో బాగుందో లేదో ఎవరికి వాళ్ళు నిజాయితీగా చూసుకోవాలి. మాస్టారికి అంతకుముందే గుండెలో స్టెంట్ వేశారు. బాగున్నారని గుండె డాక్టరు చెప్పాడు. మాస్టారు ఆ రూలు ప్రింటు తీసుకుని మా గుమ్మంలోకి వచ్చి, "మీ జేబులో ఉందే, ఆ కార్డే చాలు బావగారూ" అన్నారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఊరికి పడమర మొక్కజొన్న చేల మధ్య గడ్డి నేల మీద విమానాలు దిగే చోటు ఒకటుంది. శనివారాలు ఆయనతో వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. సంతలో ఎద్దుని కొనేవాడిలా ఆయన విమానం చుట్టూ తిరిగి ప్రతి బోల్టూ తడిమేవారు. ఒంటరిగా ఎగిరిన మొదటి రోజు చొక్కా వెనక ముక్క కత్తిరించడం అక్కడి ఆనవాయితీ. వీపు కనపడుతూ ఇంటికొస్తే, "పండక్కి కొన్న చొక్కా, పాతది వేసుకెళ్ళకూడదూ" అని వాళ్ళావిడ కేకలేసింది. ఆ ముక్కని ఆయన మడతపెట్టి దాచుకున్నారు.

ఇక నడిపి చూపించే పరీక్ష మిగిలింది. ఒక సాయంత్రం టీ తాగుతూ అన్నారు.

"పాసైతే పక్క సీటు మొదట మీదే బావగారూ. మీ చెల్లెలు రానంటోంది."

నాకు భయమేసింది. ఈ వయసులో భయమని చెప్పడానికి సిగ్గేసింది.

"కారు లైసెన్సుతో విమానమంటే రేపు ఎవరైనా అడగరా మాస్టారూ? డాక్టరు సంతకం ఒకటి ఉంటే ఎందుకైనా మంచిది" అన్నాను.

"అక్కర్లేదని రాసుంది కదండీ."

"అక్కర్లేకపోతే పెట్టెలో పడుంటుంది. కాగితమేమన్నా తిండి అడుగుతుందా?"

"అదీ నిజమే. స్టాంపు పడందే మనవాళ్ళకి నిద్ర పట్టదు" అని నవ్వారు.

విమానం నేర్పే తెల్లాయన వద్దన్నాడట. వాళ్ళు అడగని కాగితం నువ్వెందుకు ఇస్తావన్నాడట. మాస్టారు ఆ మాట మర్నాడు నాకు చెప్పారు. అప్పుడైనా నేను నా మాట వెనక్కి తీసుకుని ఉండొచ్చు. "వాళ్ళలాగే అంటారు లెండి" అన్నాను.

వెళ్ళారు. విమానాల వాళ్ళు ఒప్పుకున్న డాక్టరు దగ్గర దరఖాస్తులో స్టెంట్ సంగతి రాశారు. ఆ టెస్టు ఈ టెస్టు అన్నారు, అన్నీ చేయించుకున్నారు. నెలలు గడిచాక, సర్టిఫికెట్ ఇవ్వలేమని సర్కారు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రూల్లోనే ఇంకో వాక్యం ఉంది. డాక్టరు సర్టిఫికెట్ అసలు అడగనివాడికి కారు లైసెన్సు చాలు, అడిగి కాదనిపించుకున్నవాడికి చాలదు. ఆ వాక్యం ఆయన చదివారట. తనని కాదనరులే అనుకున్నారట. తర్వాత ఇంకో రెండుసార్లు అడిగారు. ఇవ్వలేదు.

గుడి భోజనాల దగ్గర అందరికీ తెలిసింది. "ఆన్‌లైన్‌లో ఒక్కసారి సెర్చ్ చేస్తే తెలిసేది కదా అంకుల్" అన్నాడు ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి.

"లెక్కల మాస్టారు కదా, ఎక్స్‌ట్రా స్టెప్ వేసి ఉన్న మార్కులు పోగొట్టుకున్నారు" అన్నారు ఇంకొకాయన. బల్ల చుట్టూ నవ్వారు.

"అసలు వెళ్ళమని ఎవరు చెప్పారండీ మీకు?" అని ఎదురుగా కూర్చున్నాయన అడిగారు.

మజ్జిగ జగ్గు పట్టుకుని నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను.

"ఎవరు చెప్తారు, నా తెలివే" అన్నారు మాస్టారు. గ్లాసు చాపి, "కొంచెం పొయ్యండి బావగారూ" అన్నారు.

పోశాను. జగ్గు పట్టుకుని పక్క బల్లకి వెళ్ళిపోయాను.

ఆయన శనివారాలు వెళ్ళడం మానలేదు. వేరేవాళ్ళ విమానాల అద్దాలు తుడిచేవారు. నేర్పే ఆయన అప్పుడప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఒంటరిగా మాత్రం మళ్ళీ ఎగరలేదు. రమ్మంటే నేను మోకాళ్ళ నొప్పులని చెప్పేవాణ్ణి. ఆయన మొహం చూడలేక. ఆరేళ్ళు అలాగే గడిపాను.

మాస్టారి పదో రోజు అయ్యాక ఆయన భార్యకి చెప్పాను. ఆయన బట్టలు సర్దుతోంది. చెప్పినంతసేపూ తలెత్తలేదు.

"ఆరేళ్ళు తిట్టాను అన్నయ్యగారూ" అంది. "అన్నీ తెలిసిన మనిషి బుద్ధి గడ్డి తిందని, అన్నం దగ్గర కూడా తిట్టాను. ఒక్కసారీ మీ పేరు ఎత్తలేదు."

చేతిలో ఉన్న చొక్కా పెట్టెలో పెట్టింది.

"ఆ తిట్లన్నీ ఇప్పుడు ఏం చేసుకోను? వెళ్ళిరండి."

అందుకని ఇది రాస్తున్నాను. వెళ్ళమన్నది నేను. ఆయన తెలివి తక్కువ కాదు, నా పిరికితనం. ఆ రోజు బల్ల దగ్గర నవ్విన వాళ్ళు చాలామంది ఈ పత్రిక చదువుతారు. ఆయన తప్పు కాదని తెలిసిందని ఆమెకి రెండు ముక్కలు రాయండి. నాకు అక్కర్లేదు.

మధ్యాహ్నం పూట ఆమె రోడ్డు పక్కన పోస్టు డబ్బా దగ్గరికి వస్తుంది. మా వంటింటి కిటికీలోంచి కనపడుతుంది. నిన్న విమానాల పత్రిక ఒక్కటే ఉంది, ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది. చలిలో శాలువా కూడా లేకుండా అక్కడే నిలబడి ఒక్కొక్క బొమ్మా చూసింది. పత్రిక మూసి, లోపల ఇంకేమైనా ఉందేమోనని మళ్ళీ డబ్బాలో చెయ్యి పెట్టింది.

తొందరగా రాయండి.