కొలతకు కొసరు

ఆ రోజుల్లో ఆదోనిలో కార్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. అందుకని కారు తోలేవాడికి కాళ్లు నేలమీద ఆనేవి కావు. నాకూ ఆనలేదు. మా నాయన హొళగుందలో ఎద్దులబండి తోలేవాడు, నేను ఆదోనిలో పత్తి సావుకారి కారు తోలుతున్నాను. ఒక్క తరంలో అంత ఎదిగిన మనిషికి ఇక తెలియనిదేముంటుంది? (ఇరవై ఏళ్ల వయసులో నాకు తెలియనివి లేవు. అవన్నీ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి.)

కారుకు మాత్రం నాకంటే లోకజ్ఞానం ఎక్కువ. మా సావుకారి దగ్గరికి వచ్చేనాటికే అది రెండు చేతులు మారింది. తోలుతుంటే ఎడమ పక్కకు లాగేది, ముందు టైర్లు అంచుల్లో అరిగిపోయేవి. యుద్ధం రోజులు కావడంతో ఎవరిని బతిమాలినా కొత్త టైరు దొరికేది కాదు. ఒకరోజు సావుకారి టైరు వంక, నా వంక మార్చి మార్చి చూసి, "ఇవి పోతే కారు షెడ్డుకు పోతాది, నువ్వు హొళగుందకు పోతావప్పా" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే నాకు భయం వేసింది. మళ్లీ ఎద్దుల వెనక కూర్చుంటే ఊళ్లో తల ఎత్తుకోగలనా?

చక్రాలు సరిచేయడానికి ఉస్తాద్‌ను పిలిపించారు. మోటార్ల పని తెలిసిన ముసలాయన, ఊరందరికీ ఉస్తాదే. ఆయన సరంజామా అంతా ఒక పానా, ఒక వెదురు కర్ర, ఒక సుద్దముక్క. ముందు చక్రాల మధ్య కర్ర పెట్టి వాటి వెనక అంచుల దగ్గర ఒకసారి, ముందు అంచుల దగ్గర ఒకసారి కొలుస్తూ, ఆ చక్రాలను కలిపే అడ్డకడ్డీని కొంచెం కొంచెంగా తిప్పుతూ పొద్దుటి నుంచి నేలమీదే ఉన్నాడు. ఆ రోజు శుక్రవారం. నమాజుకు వేళవగానే లేచి చేతులు కడుక్కుని, "అయిపోయింది బేటా, దీన్ని ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్లాడు.

ముట్టుకోవద్దన్నాక ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కర్ర తీసుకుని కొలిచాను. వెనక సరిగ్గా సరిపోయిన కర్ర ముందు పట్టలేదు, పావు వేలు ఇరుకు. అంటే చక్రాలు రెండూ మూతులు కాస్త లోపలికి తిప్పుకుని నిలబడ్డాయి. పాపం ముసలాయనకు చూపు మందగించిందని జాలిపడ్డాను. బండిచక్రాల మధ్య పెరిగినవాణ్ణి, చక్రం వంకరపోతే ఎద్దు మెడ పడే బాధ కళ్లారా చూసినవాణ్ణి! పానా పట్టుకుని కారు కింద దూరి, ముందూ వెనకా సమానం చేశాను. అంతటితో ఆగినా బాగుండేది. కానీ మా ఆదోనిలో జొన్నలు కొలిచినా, శనక్కాయలు కొలిచినా పైన గుప్పెడు కొసరు పడనిదే అది కొలతే కాదు. నేనూ ధర్మంగా మూతులు బయటికి తిరిగేలా ఇంకో అర చుట్టు కొసరు వేశాను.

ఆ మధ్యాహ్నమే సావుకారిని ఎక్కించుకుని మగ్గాల ఊరు ఎమ్మిగనూరుకు బయలుదేరాను. ఆదోని దాటామో లేదో, కారు దారి ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరగసాగింది. ఎదురొచ్చిన గొర్రెల కాపరి మందనంతా పొలంలోకి దించి, మేము కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాడు.

"ఏమప్పా, ఎమ్మిగనూరు మగ్గం ఈన్నుంచే మొదలుపెట్టినావా? నూలు నాడె మాదిరి ఆడికీ ఈడికీ ఆడతాండావు!" అన్నాడు సావుకారి వెనక సీట్లోంచి.

దిగి చూస్తే టైర్ల అంచుల్లో రబ్బరు పొట్టు లేచి ఉంది, కాలిన వాసన కూడా వస్తోంది. హొళగుంద నా కళ్ల ముందు నిలబడింది.

మర్నాడు ఉస్తాద్ వచ్చాడు. కర్ర తీయలేదు. టైరు మీద అరచేతిని ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి రాశాడు. ఒకవైపు నున్నగా జారింది, రెండోవైపు గరుకుగా పట్టుకుంది. తలెత్తి నన్ను చూశాడు.

"నిన్ననే గదా సేసినావు, ఏమైంది ఉస్తాద్?" అని సావుకారి అడిగాడు.

"నాదే తప్పు సావుకారీ. కండ్లు ఆనలేదు. మళ్లీ సేస్తాను."

"వయసు మీద పడింది, పోనీలే. ఇంగ మీద నువ్వు కొల్సినాక మా డ్రైవరు గూడా ఒకసారి సూస్తాడు. వాని కండ్లు బాగుండాయి."

సావుకారి లోపలికి వెళ్లాక ఉస్తాద్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నిలబడినప్పుడు వీటి మూతులు రవ్వంత లోపలికి ఉండాల బేటా. పరిగెత్తేటప్పుడు దారి వాటిని బయటికి తోస్తాది, అప్పుడు సమానమైతాయి. ఎద్దు లాగే చక్రం వేరే, ఇది వేరే."

"నా పేరు ఎందుకు సెప్పలేదు ఉస్తాద్?" అన్నాను.

"ఈ వయసులో నన్ను యాడికి పంపిస్తాడు? నిన్నయితే హొళగుందకు పంపిస్తాడు."

ఆ తర్వాత చాలా ఏళ్లు ఇదే తంతు. పని అయ్యాక ఉస్తాద్ సావుకారి ఎదుట నాకు కర్ర అందించి, మీసమైనా కదలకుండా, "సూడు డ్రైవర్ సాబ్, సరిగా ఉండాదా?" అనేవాడు. నేను వంగి కొలిచి, "ఉండాది ఉస్తాద్" అనేవాణ్ణి. సావుకారి తృప్తిగా తల ఊపేవాడు. నిజం ప్రతిసారీ నాలుక చివరిదాకా వచ్చేది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేసేవాణ్ణి. ఉస్తాద్ పోయిన రోజున సావుకారి, "పనిమంతుడప్పా. కండ్లొకటే ల్యాకపాయె" అన్నాడు. అప్పుడూ సిగ్గులేకుండా తల ఊపాను.

ఆయన చూపులో ఏ లోపమూ లేదని ఇన్నేళ్లకు రాస్తున్నాను. చదవడానికి సావుకారీ లేడు, నవ్వడానికి ఉస్తాదూ లేడు. మిగిలింది డ్రైవర్ సాబ్ ఒక్కడే. ఆగి ఉన్న కారు కనబడితే అతను ఇప్పటికీ టైరు మీద అరచేయి రాసి చూస్తాడు, కండ్లు సరిగా ఆనడం లేదు మరి.