చేతికి అందని కబురు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడ గడియారం లేదు, దాని అవసరమూ పడలేదు. చిట్కుల్‌లో మా ఇంటికి వినబడేంత దూరంలోనే బాపు పనిచేసే మందుల ఫ్యాక్టరీ ఉండేది. పొద్దున సైరన్ కూస్తే బాపు డ్యూటీ ఎక్కేవాడు. సాయంత్రం కూస్తే అమ్మ ఆయన స్నానానికి నీళ్లు కాగబెట్టేది. మధ్యాహ్నం కూత నాది. ఎండాకాలం సెలవుల్లో అన్నం క్యారియర్ గేటు దాకా మోసుకుపోయే పని నాకు అప్పగించారు. అరక వదిలి ఫ్యాక్టరీలో చేరినవాళ్లలో మా బాపు మొదటివాడు. అందుకే నాయనమ్మకు ఆ కూత అంటే గిట్టేది కాదు. "నా కొడుకును గొడ్డును పిలిచినట్టు పిలుస్తది" అని గొణిగేది.

ఒకరోజు నేను గేటుకు ఇంకా కాస్త ఇవతల ఉండగానే లోపల ఏదో పేలింది. షెడ్డు మీదనుంచి పసుపు పచ్చటి పొగ లేచింది. వెంటనే సైరన్ మొదలైంది, ఎప్పటిలా కూసి ఆగలేదు, మోగుతూనే ఉంది. వాచ్‌మన్ గేటు మూసి "హటో, హటో" అని అరుస్తున్నాడు. ఆడవాళ్లు తమవాళ్ల పేర్లు పిలుస్తూ గేటు మీద పడి ఏడుస్తున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడుపు రాలేదు, కాళ్లు కదల్లేదు. గోడకు ఆనుకుని, క్యారియర్ పిడిని బిగించి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

సాయంత్రానికి బాపు బయటికి వచ్చాడు. కనుబొమ్మలు కాలాయి, చొక్కా నిండా మందు వాసన, అంతకుమించి దెబ్బ లేదు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదన్నారు. అప్పటికే గేటు దగ్గరికి వచ్చిన అమ్మ ఏడుస్తూనే నవ్వి, నా చేతిలోని క్యారియర్ ఇమ్మంది. ఇవ్వలేకపోయాను. బాపే పిడిని అటూ ఇటూ జరిపి నా వేళ్ల సందులోంచి లాగాడు. క్యారియర్ వచ్చింది కానీ పిడికిలి మాత్రం విప్పుకోలేదు.

తెల్లారితే అదే సర్దుకుంటుందని అనుకున్నాం. సర్దుకోలేదు. అమ్మ ముద్దలు చేసి తినిపించేది, జడ వేసేది. గోళ్లు పెరిగి అరచేతిలో గుచ్చుకునేవి, కత్తిరించడానికి సందు ఉండేది కాదు. సైరన్ కూసినప్పుడల్లా పిడికిలి ఇంకాస్త బిగిసేది. నాకు ఆ చెయ్యిని చూస్తేనే భయం వేసేది. ఎవరిదో చెయ్యి తెచ్చి నాకు అతికించినట్టు ఉండేది, నా మాట వినేది కాదు.

పటాన్‌చెరులో డాక్టరు చూసి, ఎముకా నరమూ బాగానే ఉన్నాయి, పిల్ల బెదిరింది, బలవంతం చేయకండి, నెమ్మదిగా అదే వస్తుంది అన్నాడు. చాలాకాలం ఇలాగే ఉంటే కీళ్లు బిగుసుకుపోవచ్చని కూడా అన్నాడు. మంచి డాక్టరే, సరిగ్గానే చెప్పాడు. కానీ మావాళ్ల చెవికి ఎక్కింది చివరి మాట ఒక్కటే. కుడిచెయ్యి పడిపోతే ఆడపిల్ల బతుకేం కావాలని అమ్మ కుమిలిపోయింది. ఇంక ఎవరికి తోచిన వైద్యం వాళ్లు మొదలుపెట్టారు. అమ్మ ఉప్పు కాపడం పెట్టేది. పక్కింటి అక్క మిరపకాయలతో దిష్టి తీసి, దగ్గి దగ్గి తనే నీరసపడిపోయేది. బాపు డ్యూటీనుంచి రాగానే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, బుజ్జగిస్తూనే ఒక్కో వేలూ పట్టి లాగేవాడు. నేను కెవ్వుమనేదాన్ని, ఆయన కళ్లు తుడుచుకుని మళ్లీ లాగేవాడు. సాయంత్రం కూత వింటే బాపు వస్తున్నాడని సంతోషించాల్సిందిపోయి, మంచం కిందికి దూరేదాన్ని. ఏ మనిషిని పోగొట్టుకోకూడదనుకున్నానో ఆ మనిషి నుంచే దాక్కుంటున్నానని అప్పుడు నాకు తోచలేదు.

అప్పుడు మా చిన్నమ్మకు నెలల పాప ఉండేది. నాయనమ్మ రోజూ పెరట్లో స్నానాల బండ మీద పీట వేసుకుని, కాళ్లు చాపి, పాపను కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాసి నీళ్లు పోసేది. ఒకరోజు మధ్యాహ్నం పాపను తుడిచి చిన్నమ్మకు ఇచ్చేసి, లేవకుండా అక్కడినుంచే నన్ను పిలిచింది.

"ఇటు రా బిడ్డా. నీకు గూడ పోస్త."

"నేనేమన్న చిన్నపిల్లనా?" అన్నాను. నిజానికి సిగ్గుకంటే భయం ఎక్కువ. ఈమె కూడా వేళ్లు లాగుతుందనే అనుకున్నాను.

"నీ చెయ్యి జోలికి పోను. వీపు పట్టిచ్చుకో, చాలు."

వెళ్లి ఆమె కాళ్ల మీద బోర్లా పడుకున్నాను. తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు బండ మీదికి జారిపోయాయి. చిన్నమ్మ నవ్వు వినబడింది. గోరువెచ్చటి నువ్వుల నూనెతో నాయనమ్మ మడమల దగ్గర మొదలుపెట్టింది. పిక్కలు, నడుము, వెన్ను. తొందర లేదు. పాపతో అనే మాటలే నాతోనూ అంటోంది, అర్థం లేని ఊఊ, ఆఆ. పుట్టినప్పుడు నాకూ ఈ చేతులే నీళ్లు పోశాయట. నాకు గుర్తు లేదు కానీ నా ఒంటికి గుర్తున్నట్టుంది, అది బరువుగా ఆమె కాళ్ల మీదికి వాలిపోయింది.

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం సైరన్ కూసింది. ఒళ్లంతా కట్టెలా బిగిసి, పిడికిలి నొప్పి పుట్టేంతగా మూసుకుంది. నాయనమ్మ దాన్ని విప్పబోలేదు. రెండు చేతులతో నా పిడికిలిని కప్పి, అది మూసుకునే వైపే తనూ అదిమింది.

"పట్టుకో. ఇంకా గట్టిగ పట్టుకో. నేను గూడ పట్టుకుంట. ఏం పట్టుకున్నవ్ బిడ్డా గంత గట్టిగ?"

"బాపును" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని విని నేనే అదిరిపడ్డాను. "ఇడిస్తే బాపు రాడు."

గేటు దగ్గర నేను అలా మొక్కుకున్నానేమో, నాకు తెలియదు. తెలివికి తెలియని ఏదో చోట ఆ బేరం కుదిరిపోయి ఉంది. ఒక్కసారిగా వణుకు పట్టుకుంది, పళ్లు కొట్టుకున్నాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాయనమ్మ ఆమెను కళ్లతోనే ఆపింది.

"వణుకనియ్. ఆనాడు వణుకవలసిన వణుకు గిది. బాపు అచ్చిండని పిల్లకు ఎరుకే. చేతికే ఇంకా ఖబర్ అందలే."

వణుకు తగ్గేదాకా అలాగే పట్టుకుంది. తర్వాత నూనె అంటిన బొటనవేలితో నా పిడికిలి వెనకభాగం మీద, మణికట్టునుంచి వేళ్ల వైపు, మెల్లగా రాయడం మొదలుపెట్టింది. పసిపిల్లలు ఆమె జుట్టో కొంగో పట్టుకుంటే అలాగే విడిపించేది, ఇంట్లో అందరం చూసిందే. ఒక్కరికీ గుర్తు రాలేదు, అందరం ముందునుంచే లాగాం. చిటికెనవేలు సడలింది. పక్కదీ కదిలింది. అంతలో నాకే భయమేసి మళ్లీ మూసేశాను. నాయనమ్మ మళ్లీ విప్పబోకుండా నీళ్లు పోసి తుడిచింది.

సాయంత్రం బాపు రాగానే ఆయన చూపుడువేలికి నూనె రాసి నా పక్కన కూర్చోబెట్టింది. "గుంజినవో, నా చేతుల తన్నులు తింటవ్" అని కొడుకును బెదిరించింది. మళ్లీ పిడికిలి వెనక రాసి, సందు దొరకగానే ఆయన వేలును లోపలికి జార్చింది. పట్టుకున్నాను. వెచ్చగా, గరుకుగా, మందు వాసనతో, నిజంగా బాపే. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు, ఆయన కదలకుండా కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ నా వేళ్లు వాటంతట అవే విప్పుకున్నాయి. అరచేతిలో గోళ్ల గాట్లు చూసి బాపు బావురుమన్నాడు.

చెయ్యి పూర్తిగా దారికి రావడానికి మరికొంత కాలం పట్టింది. సైరన్ కూస్తే మూసుకోవడం మాత్రం ఇప్పటికీ పోలేదు. నాయనమ్మ నాకు భయం లేకుండా చేసిందని అబద్ధమాడలేను. భయాన్ని ముందునుంచి లాగకూడదని నేర్పింది.

ఇప్పుడు నా కొడుకు మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. ఈ చుట్టుపక్కల ఎక్కడ ఏది పేలినా వార్త ముందే ఫోన్లలోకి వస్తుంది, మన మనిషి కబురు మాత్రం ఆలస్యంగా వస్తుంది. కంపెనీ బస్సు ఆలస్యమైన సాయంత్రాల్లో నా కోడలు ఫోన్‌ను పిడికిట్లో బిగించుకుని అరుగు మీద కూర్చుంటుంది. ఏమీ కాదులే అని నేను అనను. అలా అనడానికి నేనెవరిని? నాకూ భయమే. పక్కన కూర్చుని ఆమె పిడికిలిని నా రెండు చేతుల్లోకి తీసుకుంటాను. "గట్టిగ పట్టుకో బిడ్డా, నేను గూడ పట్టుకుంట" అంటాను. బొటనవేలితో వెనకభాగం రాస్తూ ఉంటాను. నాకు చెవులు మందగించి, మలుపులో బస్సు హారన్ వినబడదు. ఆమె చిటికెనవేలు సడలినప్పుడు, వాడు వచ్చాడని నాకు తెలుస్తుంది.