గోడమీద పిల్లికి దుబాసీ

ఆ రోజుల్లో ప్రపంచాన్ని బాగుచేయడానికి నాకొక వేసవి సెలవు చాలనుకునేదాన్ని. పిస్కాటవేలో కాలేజీ చదువుతూ మా రాష్ట్ర శాసనసభ్యుడి ఆఫీసులో ఇంటర్న్‌గా చేరాను. ఆయన మితవాది. ఆ పక్షం చెప్పిందీ నిజమే, ఈ పక్షం చెప్పిందీ నిజమే అంటూ మెత్తగా మాట్లాడి ఏళ్ల తరబడి నెగ్గుకొచ్చిన మనిషి. (ఆఫీసుకి తిట్ల ఫోన్లు రెండు పార్టీల నుంచీ సమానంగా వచ్చేవి. అవి ఎత్తే పని నాదే.)

ఒక శనివారం ప్లెయిన్స్‌బరోలో, మేముండే అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో, ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన మన తెలుగు పెద్దవాళ్లతో ఆయనకు మీటింగ్ పెట్టారు. పిల్లలు కార్లేసుకుని ఆఫీసులకు పోతే ఇల్లు కదల్లేని ఆ పెద్దవాళ్లకు, లైబ్రరీకీ ఆస్పత్రికీ తిరిగే బస్సొకటి కావాలి. ఆ బస్సుల బిల్లు మరుసటి వారమే సభలో ఓటుకు రాబోతోంది. ఆయన పార్టీ పెద్దలు వద్దంటున్నారు. ఆయన ఎటు మొగ్గితే బిల్లు అటు! అంతటి సభకు దుబాసీని నేను. సంబరం పట్టలేక అమ్మ పట్టుచీర కట్టుకుని, పిన్నులు సరిగా పెట్టుకోక, ఒక చేత్తో మైకూ ఇంకో చేత్తో కుచ్చిళ్లూ పట్టుకుని నిలబడ్డాను.

గుంటూరు తాతయ్య (ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు) లేచి, "ఓటేస్తాడా, వెయ్యడా? అదొక్కటి కనుక్కో అమ్మా" అన్నారు. శాసనసభ్యుడు చాలాసేపు మాట్లాడారు. బడ్జెట్ అన్నారు, బ్యాలెన్స్ అన్నారు, అన్ని కోణాలూ అన్నారు. నా తెలుగులో అన్ని కోణాలు లేవు. "చూద్దాం అంటున్నారు తాతయ్యా" అన్నాను. హాలంతా గొల్లుమంది. "ఇండియా టికెట్ బుక్ చెయ్యమంటే మా అల్లుడు గూడ గిదే అంటడు!" అంది వరంగల్ ఆంటీ. తాతయ్య చెయ్యి విసిరి, "ఈయన గోడమీద పిల్లి తల్లీ! ఎటు దూకుతాడో ఆయనకే తెలీదు" అన్నారు.

"ఏమంటున్నారు?" అని శాసనసభ్యుడు నావైపు తిరిగారు. మాటను మర్యాదగా మెలితిప్పే విద్య నాకు రాదు. "సర్, మీరు గోడమీద కూర్చున్న పిల్లి అంటున్నారు" అనేశాను. ఆయనతో వచ్చిన ఆఫీస్ మేనేజర్ తల పట్టుకుంది. నా ఇంటర్న్‌షిప్‌తో పాటు కుచ్చిళ్లూ జారడం మొదలుపెట్టాయి. ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు. "నా గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. ఆ గోడమీద కూర్చుని కూర్చుని నడుము నొప్పెడుతోందని చెప్పు" అన్నారు. తాతయ్య వైపు తిరిగి, "ఓటేస్తాను. అది కూడా చెప్పు."

నేను చెప్పలేదు, అరిచాను. "దూకారు తాతయ్యా! మనవైపే దూకారు!"

బిల్లు ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. సభలో సందర్శకుల గ్యాలరీలోంచి నేను వేసిన కేకకు గార్డు నన్ను మర్యాదగా బయటికి నడిపించాడు. తర్వాతి ఎన్నికలో సొంత పార్టీవాళ్లే ఆయనకు పోటీగా మరొకరిని నిలబెట్టి ఓడించారు. నేను వెక్కివెక్కి ఏడిస్తే ఆయనే టిష్యూ అందించారు. ఆ రోజు క్లబ్‌హౌస్‌లో చప్పట్లు కొట్టిన వాళ్లలో చాలామందికి ఇక్కడ ఓటే లేదు. ఆ సంగతి మాట ఇచ్చేటప్పుడే ఆయనకు తెలుసు.

ఇప్పుడు శాంటా క్లారాలో ఆఫీసు మీటింగుల్లో ప్రతి మాటా తూచి మాట్లాడుతుంటాను. అప్పుడప్పుడు గ్యాలరీలోంచి గెంటించుకున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఇవాళ ఇంటర్వ్యూకి వస్తే ఉద్యోగం ఇవ్వను గానీ, కాఫీకి మాత్రం తీసుకెళ్తాను. బిల్లు నేనే కడుతూ, కాస్త అసూయగా.