మణికట్టు మీద పిల్లి

ఒమాన్ తీరాన దుక్మ్ ఊళ్లో ఆ హోటల్ గదికి వంక పెట్టడానికేమీ లేదు. పరుపు మెత్తగా ఉంది, ఏసీ చల్లగా ఉంది. కింద షాపులో మజ్జిగ ప్యాకెట్లు తెస్తానని మా ఆయన వెళ్లారు. తలుపు మూసుకుంది. కాస్త గాలి కోసం కిటికీ తెరవబోతే అది తెరుచుకునే రకం కాదు. అంతే, ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. వేళ్లు తిమ్మిరెక్కాయి, నోరెండిపోయింది, ఒళ్లంతా చెమట. నేను మస్కట్‌లో కార్డియాక్ వార్డు నర్సుని. గుండెపోటు లక్షణాలు ఎన్నోసార్లు ఇతరులకి వివరించాను. ఆ సాయంత్రం నాకు నేనే ఒక్కటీ వదలకుండా వివరించుకున్నాను.

ఆయన తిరిగొచ్చేసరికి కారిడార్‌లో నేల మీద కూర్చుని, నా నాడి నేనే పట్టుకుని ఉన్నాను.

"ఏమైంది సునీతా?"

"హార్ట్ ఎటాకండీ."

"నీకెందుకొస్తుంది? అది మీ వార్డులోవాళ్లకి కదా రావాలి!" అన్నారు. నవ్వించబోతూనే ప్యాకెట్లు పక్కన పడేసి, నా ఎదురుగా నేల మీద కూలబడ్డారు.

మాది కోనసీమ. మా ఆయన ప్రసాద్ దుక్మ్ రిఫైనరీ దగ్గర వెల్డింగ్ సూపర్‌వైజర్. కంపెనీ వాళ్లకి బస ఇచ్చిన క్యాంపులో ఆడవాళ్లని ఉండనివ్వరు, సెలవు శుక్రవారం ఒక్కటే. మొదట్లో గురువారం డ్యూటీ దిగి ఆయనే ఐదారు గంటలు కారు నడుపుకుంటూ మస్కట్ వచ్చేవారు, మర్నాడే తిరిగి వెళ్లేవారు. ఒకసారి వెళ్లేటప్పుడు స్టీరింగ్ మీద కునుకు పట్టి, కారు రోడ్డు దిగి ఇసకలో కూరుకుపోయింది. దేవుడి దయ, చూసింది ఒంటెలే. ఆ రోజు నుంచీ "మీరు రావద్దు, నేనే వస్తాను" అన్నాను. గురు, శుక్రవారాలు సెలవు పెట్టించుకుని షేర్ టాక్సీలో వెళ్లేదాన్ని. అంటే మా సంసారమంతా హోటల్ గదిలోనే. ఆ గదిలో నేను ఉండలేకపోతే ఆయన మళ్లీ ఆ రోడ్డెక్కుతారు. నా భయమంతా అదే.

మస్కట్‌లో ఈసీజీ తీశారు, రక్తంలో ట్రోపోనిన్ చూశారు, ఎకో, థైరాయిడ్ కూడా. అన్నీ నార్మల్, నేను తప్ప. "మీ గుండె నా గుండె కంటే బాగుంది" అన్నారు మా కార్డియాలజిస్ట్. అలాంటిదే ఇంకోసారి లిఫ్టులో వచ్చింది, మరోసారి మందుల స్టోర్ రూములో. అప్పుడాయనే సైకియాట్రీ ఓపీకి వెళ్లమన్నారు. తెలిసినవాళ్లు చూస్తారని చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్లాను. అక్కడి నర్సు మా చర్చి కాయర్‌లో నా పక్కన నిలబడి పాడే మేరీ.

"సునీతక్కా! ఎవర్ని తీసుకొచ్చావు?"

"నన్నే."

డాక్టరు ఒమానీ ఆవిడ, నెమ్మదిగా మాట్లాడతారు. "పానిక్ డిజార్డర్. ప్రాణం పోతున్నట్టు ఉంటుంది, పోదు" అన్నారు. రోజుకో మాత్ర రాశారు, వారం వారం థెరపీకి రమ్మన్నారు.

మాత్ర పనిచేయడం మొదలుపెట్టింది, నేనే దాన్ని సాగనివ్వలేదు. గుండె కాస్త దడదడలాడితే చాలు, నా వేళ్లు మణికట్టు మీదికి పోయేవి. హ్యాండ్‌బ్యాగులో ఆక్సీమీటర్. రక్తంలో ఆక్సిజన్ బాగుందని చూసుకుంటే కాసేపు ధైర్యం, ఆ తర్వాత మళ్లీ చూడాలి. డ్యూటీలో ఉన్న జూనియర్ నర్సుల్ని బతిమాలి ఈసీజీలు తీయించుకున్నాను. నాడి పట్టుకుంటే దాడి ఆగుతుందనుకున్నాను, కానీ పట్టుకున్నకొద్దీ అది దగ్గరికొచ్చింది. ఈ సంగతి చెబితే డాక్టరు పెన్ను కింద పెట్టేశారు.

"సిస్టర్, మీరు జబ్బుని తగ్గించుకోవడం లేదు, దానికి నర్సింగ్ చేస్తున్నారు. అంత బాగా చూసుకుంటుంటే అదెందుకు డిశ్చార్జ్ అవుతుంది?"

నాడి ముట్టుకోవద్దన్నారు. నర్సుకి ఆ మాట చెప్పడం, దర్జీని ఎదుటివాళ్ల కుట్లు చూడొద్దనడం లాంటిది.

మస్కట్ శివారు మబేలాలో మా ఫ్లాట్ కింద కిరాణా కొట్టు దగ్గర ఓ పిల్లి తిరిగేది, బెల్లం రంగులో. ఒక సాయంత్రం నా వెనకే మెట్లెక్కి వచ్చింది. సోఫాలో నా ఎడమచేతి మీద బోర్లా పడుకుని గుర్రుమనడం మొదలుపెట్టింది. అప్పుడే దడ వచ్చింది. నాడి చూసుకుందామంటే మణికట్టు పిల్లి కింద ఉంది. లాగబోతే ఓ కన్ను తెరిచి చూసింది, నాకు మొహమాటమేసింది. దడ పెరిగింది, ఆగింది, దిగిపోయింది. ఎవరూ లెక్కపెట్టకుండా దిగిపోవడం అదే మొదటిసారి.

ఫోన్లో చెబితే మా ఆయన, "డాక్టరు పిల్ వేసుకోమంటే నువ్వు పిల్లిని వేసుకున్నావేంటి!" అన్నారు. దానికి బెల్లమని పేరు పెట్టింది కూడా ఆయనే. టీకాలు వేయించి, గోళ్లు తీయించి, డాక్టరుకి చెప్పాను. "తోడుగా ఉండనివ్వండి. కానీ ఇంకో ఆక్సీమీటర్ మాత్రం చేసుకోకండి" అన్నారు.

తోడుంది కదా, మళ్లీ దుక్మ్ వెళ్దామనుకుని హోటళ్లకి ఫోన్ చేయడం మొదలుపెట్టాను. భయానికి తోడుగా వెంట ఉంచుకునే జంతువుని ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ అంటారట. అది తెస్తానని గొప్పగా చెబితే, అవతల కుర్రాడు "ఏ యానిమల్ మేడమ్? ఒంటె అయితే పార్కింగ్ లేదు" అన్నాడు. ఇంకోచోటికి డాక్టరు ఉత్తరం పంపాను. "లెటర్ ఓకే. క్యాట్ నాట్ ఓకే" అని జవాబొచ్చింది.

అప్పుడు మా ఆయనకో ఉపాయం తోచింది. నేను వెళ్లినప్పుడల్లా ఆయన రూమ్‌మేట్స్‌కి చేపల పులుసు పట్టుకెళ్తాను. మా ఊళ్లవాళ్లు క్యాంపుకి ఒట్టి చేతులతో వెళ్లరు. పులుసు గిన్నె పట్టే పెద్ద సంచి ఒకటుంది. "ఆ సంచి విప్పమని ఎవడూ అడగడు, వాసనే గేట్‌పాస్" అన్నారు. గిన్నె ఒక పక్క, బెల్లం ఒక పక్క, జిప్పు సగం తెరిచి, పాత హోటల్లోకే నడిచాం. కౌంటర్ దగ్గర మలయాళీ అబ్బాయి పాస్‌పోర్టులు చూస్తుండగా సంచిలోంచి సన్నగా రాగం మొదలైంది. పక్కనే పులుసు పెట్టుకుని ముట్టుకోకుండా ఉండటం ఏ పిల్లి వల్లవుతుంది?

అతను తలెత్తి, సంచిని చూసి, "మేడమ్, ఆప్ కా మఛ్లీ రోతా హై" అన్నాడు.

మీ చేప ఏడుస్తోందట! జిప్పు పూర్తిగా తీసి బెల్లాన్ని చూపించాను.

అతను నవ్వాడు గానీ తాళం ఇవ్వలేదు. ఓనరు చూస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. నిజమే. నాకు అక్కడే దడ మొదలైంది. మా ఆయనకి కోపమొచ్చింది, ఎక్కువగా తన మీదే. "కారెక్కు. నేనే మస్కట్‌లో దింపి, రేపే తిరిగొచ్చేస్తాను."

ఏ మాట వినకూడదనుకున్నానో అదే విన్నాను.

"ఆగండి" అని, పిల్లి ఉన్నవాళ్లకి గది ఎవరిస్తారని ఆ అబ్బాయినే అడిగాను, "భయ్యా, బిల్లీ వాలే కో కౌన్ రూమ్ దేతా హై?"

రౌండెబౌట్ అవతల ఒక గెస్ట్‌హౌస్ నంబరిచ్చాడు. యానిమల్ అనకుండా పిల్లి అనే చెప్పమన్నాడు. అతని ఎదురుగానే ఫోన్ చేశాను. ఒక పిల్లి, టీకాలు వేయించాను, ఇసక పెట్టె నా దగ్గరే ఉంది, రావచ్చా?

ఒమానీ ఓనరు ఒక్కటే అడిగాడు. "గోళ్లు తీశారా? సోఫా కొత్తది."

గదిలోకి వెళ్లి తలుపేశాక దడ మళ్లీ లేచింది. చెయ్యి చాపి బెల్లం కోసం చూశాను. అది మంచం కిందికి దూరి, గోడకి అతుక్కుని వణుకుతోంది. కొత్త చోటు కదా. సపోర్ట్ యానిమల్‌కే సపోర్ట్ కావాల్సి వచ్చింది! నేనూ మా ఆయనా నేల మీద బోర్లా పడుకుని, చేప ముక్కలు చూపిస్తూ "రా అమ్మా, రా తల్లీ" అని బతిమాలాం. అది బయటికొచ్చి ముక్క తినేసరికి గుర్తొచ్చింది, నా దడ ఎప్పుడో పోయిందని. నాడి చూసుకోవడానికి తీరిక దొరకలేదు.

ఇప్పుడు డాక్టరు మాత్ర డోసు తగ్గించారు, మాన్పించలేదు. దడ అప్పుడప్పుడూ వస్తుంది. బెల్లం మాత్రం గెస్ట్‌హౌస్‌లో నాకంటే ముందే గదిలోకి నడుస్తుంది.

పిల్లినో కుక్కనో వెంటబెట్టుకుని ప్రయాణించేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. బయల్దేరకముందే ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పి అడగండి, ఒప్పుకున్నట్టు మెసేజ్ పెట్టించుకోండి. దాచి తీసుకెళ్తే భయం తగ్గించాల్సిన జంతువే దారి పొడుగునా భయపెడుతుంది.

పోయిన గురువారం గెస్ట్‌హౌస్ నిండిపోయింది. పాత హోటల్లోనే గది దొరికింది, బెల్లాన్ని మేరీ దగ్గర వదిలి వెళ్లాను. భోజనాలయ్యాక, తెరుచుకోని ఆ కిటికీ వైపు చూస్తుంటే ఛాతీ బిగిసింది.

"ఏమండీ, వచ్చింది" అన్నాను.

ఆయన నా కంచం కూడా తీసుకుని కడగడానికి లేచారు. "రానీ. అది వచ్చి పోయేదే. నువ్వు రేపటిదాకా ఉంటావుగా."